చేతి ఫోనుకు కాపలా: ఇంటిల్లిపాదికి అవసరమైన కొన్ని అలవాట్లు

ఉమ్మడి కుటుంబాలలో బీరువా తాళంచెవి ఇంటి పెద్దావిడ నడుమున ఉండేది. దాన్ని ఎవరి చేతికి ఇవ్వవచ్చునో, ఎంతసేపు ఇవ్వవచ్చునో ఆమె నిర్ణయించేది. ఈనాడు ఆ తాళంచెవి స్థానంలోకి పది అంకెల మొబైల్ నంబరు వచ్చింది. బ్యాంకు ఖాతా, ఆధార్, వంటగ్యాసు, రేషన్ కార్డు, భవిష్యనిధి, పిల్లల బడి, మరమగ్గం షెడ్డు కరెంటు బిల్లు అన్నీ ఆ ఒక్క నంబరుకే ముడిపడి ఉన్నాయి. అయితే పాత తాళంచెవికి ఉన్న కాపలా ఈ నంబరుకు చాలా ఇళ్లలో కనిపించదు. ఫోను కిటికీ గూట్లో పడి ఉంటుంది, పిల్లవాడి ఆటకు పోతుంది, పొరుగింటికి వెళ్లివస్తుంది, మరమ్మతు దుకాణంలో తాళం తీసి ఉండగానే రెండు రోజులు గడుపుతుంది.

సోలాపూర్ వంటి నగరంలో ఈ విషయానికి మరొక ముఖం కూడా ఉంది. తరాల కిందట తెలంగాణ పల్లెల నుండి మగ్గాలతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంటి మాట తెలుగు, బజారు మాట మరాఠీ, కార్ఖానాలో హిందీ, కొన్ని వాడలలో కన్నడం. బ్యాంకు నుండి వచ్చే సందేశం మాత్రం చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది. బీడీలు చుట్టే అవ్వకు ఆ సందేశం అర్థం కాదు. "ఇదేమొచ్చిందో జర చూడు బిడ్డా" అని ఆమె ఫోనును ఎదురుగా ఉన్నవారి చేతిలో పెడుతుంది. ఎదుటివారు మంచివారైతే చదివి చెబుతారు. కానివారైతే అందులోని ఆరంకెలు వారికి అందినట్టే. ఇన్ని భాషల నడుమ బతికే ఇంట్లో ఫోనుకు వచ్చిన సందేశాన్ని ఎవరు చదువుతారన్నదే మొట్టమొదటి భద్రతా ప్రశ్న. అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిందీ ఇదే.

సైబర్ నేరం అనగానే ఎక్కడో చీకటి గదిలో కూర్చుని కంప్యూటరు తాళాలు పగలగొట్టే మేధావి బొమ్మ మనసులో మెదులుతుంది. సామాన్యుని సొమ్ము సాధారణంగా ఆ విధంగా పోదు. ఫోను యజమాని చేతనే ఆ తాళం తీయించడం నేరగాళ్లకు ఎంతో సులభం. ఒక అంకె చెప్పించడం, ఒక బొత్తాం నొక్కించడం, ఒక అనువర్తనాన్ని ఎక్కించుకొనేలా చేయడం వారి పని. కనుక ఖరీదైన రక్షణ సాఫ్ట్‌వేరుకన్నా ఇంట్లో పాటించే నాలుగు అలవాట్లకే విలువ ఎక్కువ.

సందేశం చదివే పద్ధతి

ప్రతి ఇంట్లో పెద్దలకు ఫోను సందేశాలు చదివిపెట్టే మనిషి ఒకరు ఉండాలి. కొడుకు, కోడలు, మనుమరాలు ఎవరైనా కావచ్చు. ఆ మనిషి ఇంట్లో లేనప్పుడు వచ్చిన సందేశం వారు తిరిగివచ్చే వరకు ఆగాలి. సాయంత్రం దాకా చదవకపోయినంత మాత్రాన ఏ బ్యాంకూ ఖాతా మూసివేయదు.

ఇంగ్లీషు రాని వారికి సైతం రెండు మాటల రూపం నేర్పడం కష్టం కాదు. డెబిట్ అంటే ఖాతా నుండి పోయింది, క్రెడిట్ అంటే ఖాతాలోకి వచ్చింది. ఈ రెండు మాటలనూ ఇంగ్లీషు అక్షరాలలో పెద్దగా రాసి వంటగదిలో క్యాలెండరు పక్కన అతికిస్తే, నెల తిరిగేసరికి గుర్తుపట్టడం అలవాటవుతుంది. ఇక ఓటీపీ సందేశంలో విడిగా ఒక అంకె, సాధారణంగా నాలుగు లేక ఆరు స్థానాలది, కనబడుతుంది. తాను ఏ పనీ మొదలుపెట్టకుండానే అటువంటి అంకె వచ్చిందంటే, మరెవరో తన తలుపు దగ్గర తాళంచెవి తిప్పుతున్నారని అర్థం. తాను మొదలుపెట్టిన పనిలో కూడా ఆ అంకెను తానే నమోదు చేయాలి తప్ప నోటితో మరొకరికి చెప్పకూడదు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. తాళం వేసిన ఫోను సైతం తెరపైన సందేశాన్ని పూర్తిగా చూపిస్తుంది. టీ దుకాణంలో బల్లమీద పెట్టిన ఫోను మీద ఓటీపీ వెలిగితే, దాన్ని చదవడానికి తాళం తీయనక్కరలేదు. సెట్టింగులలోని నోటిఫికేషన్ల విభాగంలో, తాళం వేసి ఉన్నప్పుడు సందేశపు పాఠం కనబడకుండా దాచే వీలు దాదాపు అన్ని ఫోన్లలోనూ ఉంది. పని ఒక నిమిషానిది. అక్కడే ఫోను భాషను తెలుగులోకి మార్చుకొనే సౌకర్యమూ ఉంటుంది. తెలుగు చదవగలిగిన పెద్దలకు ఆ మార్పు కొంత ఆత్మవిశ్వాసాన్నిస్తుంది. మరాఠీ బడిలో చదివిన మనుమలకు అది ఇబ్బంది అనిపించవచ్చు. అయినా ఫోను ఎవరిదో, భాష వారిదే ఉండటం న్యాయం.

నంబరు చేజారకుండా

పాత నంబరు వదిలి కొత్తది తీసుకున్నవారు బ్యాంకులో, ఆధార్‌లో పాతదాన్ని అలాగే ఉంచడం తరచుగా జరిగే పని. పని కోసం భివండికో సూరత్‌కో వెళ్లి అక్కడ వేరే సిమ్ కొన్న కుటుంబాలలో ఇది మరీ ఎక్కువ. వాడుకలో లేక మూతపడిన నంబరును 90 రోజుల గడువు దాటిన తరువాత టెలికాం కంపెనీ మరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు ఈ ఇంటి ఖాతా సంగతులు ఎవరో అపరిచితుని జేబులోకి చేరతాయి. నంబరు మారిన వారంలోనే పాసుపుస్తకం తీసుకొని బ్యాంకుకు, ఆ తరువాత ఆధార్ కేంద్రానికి వెళ్లిరావడం మేలు.

ఫోనుకు తెర తాళం వేసినవారు కూడా సిమ్‌కు తాళం వేయరు. దొంగ ఆ సిమ్‌ను తీసి వేరే ఫోనులో పెడితే ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి. సెట్టింగులలో సిమ్ లాక్ అనే చోట పిన్ పెడితే, కొత్త ఫోనులో ఆ పిన్ చెప్పకుండా సిమ్ పనిచేయదు. పిన్‌ను వరుసగా మూడుసార్లు తప్పు నొక్కితే సిమ్ మూసుకుపోతుంది. దాన్ని తిరిగి తెరవడానికి కంపెనీ ఇచ్చే పీయూకే అంకె కావాలి. అందుచేత ఆ పిన్‌ను గుర్తుంచుకోగలిగినవారే పెట్టుకోవాలి.

మరొక గుర్తు కూడా తెలిసి ఉండాలి. పక్కింటివారి అదే కంపెనీ ఫోను పనిచేస్తూ, తన ఫోనుకు మాత్రం గంటల తరబడి సిగ్నల్ లేకపోతే, ఎవరో ఆ నంబరు మీద నకలు సిమ్ తీసుకొని ఉండవచ్చు. టవరు చెడిందిలే అని రాత్రంతా ఊరుకోకుండా వేరే ఫోను నుండి కంపెనీకి, బ్యాంకుకు వెంటనే చెప్పాలి. కొరియర్ వచ్చిందంటూ స్టార్ గుర్తుతో మొదలయ్యే ఏదో అంకెను నొక్కమని చెప్పే వారున్నారు. *21* గాని *401* గాని నొక్కి, ఆ తరువాత వారు చెప్పిన నంబరు కొడితే, ఇంటికి రావలసిన కాల్స్ అన్నీ వారికి మళ్లిపోతాయి. పొరపాటున నొక్కినట్లు అనుమానం వస్తే ##002# నొక్కితే అటువంటి మళ్లింపులన్నీ రద్దవుతాయి.

ఇక ఒకరి పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తనవి కానివి కనబడితే అక్కడే తెలియజేయవచ్చు. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు నకలుతో దాన్ని ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా నిలిపివేయించే ఏర్పాటూ అక్కడే ఉంది. దానికి 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కావాలి. *#06# నొక్కితే అది తెరమీద కనిపిస్తుంది. ఫోను చేతిలో ఉండగానే ఆ సంఖ్యను కాగితం మీద రాసి, ఫోను కొన్న బిల్లుతో కలిపి భద్రపరచాలి.

అవతలి గొంతు

మోసగాని మాటలో నాలుగు దినుసులుంటాయి: భయం, ఆశ, తొందర, రహస్యం. "గంటలో కరెంటు కట్ చేస్తాం" అనేది భయం. "మీ కొంగ్రొత్త పింఛను మంజూరైంది" అనేది ఆశ. తక్కిన రెండూ ప్రతి మోసంలోనూ ఉంటాయి. వాటిలో రహస్యమే ఎక్కువ ప్రమాదకరం. ఎవరికీ చెప్పవద్దన్న మాట వినబడిన క్షణంలోనే కాల్ కట్ చేసి, ఇంట్లో ఒకరికి చెప్పాలి.

పరాయి రాష్ట్రంలో ఉన్నవారికి ఫోనులో తెలుగు వినబడితే మనసు మెత్తబడుతుంది. "అక్కా, నేనూ మన కరీంనగర్ దిక్కే" అన్న ఒక్క మాటతో సగం నమ్మకం కుదిరిపోతుంది. ఈ సంగతి మోసగాళ్లకూ తెలుసు. భాష ఒకటైనంత మాత్రాన మనిషి అయినవాడు కాడు. బ్యాంకునుండి అని చెప్పినవారితో మాట పెంచుకోకుండా, పాసుపుస్తకం మీదనో ఏటీఎం కార్డు వెనుకనో ఉన్న నంబరుకు తానే ఫోను చేయాలి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరును నమ్మకూడదు. అక్కడ నకిలీ సహాయ కేంద్రాల నంబర్లను పెట్టేవారు లేకపోలేదు. బ్యాంకు వెబ్‌సైటు చిరునామా విషయంలో ఇటీవల ఒక మేలు జరిగింది. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు బ్యాంకుల చిరునామాలు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపుకు మారాయి. చిరునామా చివర ఆ మాటలు లేకపోతే అక్కడ ఏ వివరమూ నింపకుండా బయటకు రావడం మంచిది.

డిజిటల్ అరెస్టు అనే మాట ఈ మధ్య ఇంటింటా వినబడుతోంది. పోలీసు దుస్తులలో ఒకడు వీడియో కాల్‌లో కనబడి, పార్శిల్‌లో మత్తుమందు దొరికిందనో, ఆధార్ మీద నల్లధనం ఖాతా తెరిచారనో బెదిరించి, కెమెరా ముందునుండి కదలవద్దని గంటల తరబడి కూర్చోబెడతాడు. భారతదేశపు ఏ చట్టంలోనూ వీడియో కాల్ ద్వారా అరెస్టు అనేది లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి తన నెలవారీ రేడియో ప్రసంగంలో ఈ విషయాన్నే దేశానికి చెప్పారు. చదువుకున్న ఉద్యోగులు, విశ్రాంత అధికారులు కూడా ఈ మోసానికి లోనయ్యారు. కనుక మోసపోయినవారిని అమాయకులని చిన్నచూపు చూడటం సరికాదు. భయపడ్డ మనిషికి చదువు అక్కరకు రాదు, పక్కన కూర్చున్న మరో మనిషి అక్కరకు వస్తాడు.

కొడుకు గొంతునే అనుకరించి "నాన్నా, ప్రమాదం జరిగింది, డబ్బు పంపు" అని అడిగించే యంత్రాలు కూడా వచ్చాయి. ఇందుకు ఇంటివారు ముందుగా ఒక ప్రశ్న ఏర్పరచుకోవచ్చు. చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన ముద్దుపేరు, ఊళ్లో ఇంటి ముందున్న చెట్టు పేరు, ఇలా బయటివారెవరికీ తెలియనిది ఏదైనా చాలు. అది ఫేస్‌బుక్‌లో రాసుకున్నది మాత్రం కాకూడదు.

శుభలేఖ రూపంలో వచ్చే దొంగ

పెళ్లిళ్ల కాలంలో వాట్సాప్ నిండా శుభలేఖలే. వాటి నడుమ కొన్ని దొంగ శుభలేఖలూ వస్తాయి. నొక్కగానే తెరుచుకొనేది అసలైన శుభలేఖ, అది బొమ్మ కావచ్చు, వీడియో కావచ్చు, పీడీఎఫ్ కావచ్చు. పేరు చివర ఏపీకే అనే మూడక్షరాలుండి, ఇన్‌స్టాల్ చేయమని అడిగేది శుభలేఖ కాదు. అది ఫోనులో కాపురం పెట్టే ఒక అనువర్తనం. ఇదే రూపంలో ట్రాఫిక్ చలానా, కరెంటు బిల్లు, బ్యాంకు కేవైసీ పేరిట కూడా ఫైళ్లు వస్తున్నాయి. ఒకసారి ఎక్కించుకొని, సందేశాలు చదవడానికి అది అడిగిన అనుమతి ఇచ్చేస్తే, ఆపై వచ్చే ఓటీపీలను అది చదివి అవతలికి పంపగలదు. యజమాని ఎవరికీ ఏమీ చెప్పకుండానే ఖాతా ఖాళీ కావచ్చు. పంపినది బాగా తెలిసినవారి నంబరే కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు. వారి ఫోనులో చొరబడిన అనువర్తనం వారి పేరు మీదే నలుగురికీ పంపుతుంది.

అటువంటిది పొరపాటున ఎక్కించినవారు ముందుగా ఇంటర్నెట్ ఆపి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. వేరే ఫోను నుండి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపివేయించాలి. తరువాత ఆ అనువర్తనాన్ని తీసివేయించాలి. అది తొలగకుండా మొరాయిస్తే ఫోటోలను భద్రపరచుకొని ఫోనును మొదటి స్థితికి తెప్పించడమే దారి. తెరను దూరం నుండి చూసే అనువర్తనాలను ఎక్కించమని ఫోనులో అడిగే సహాయకుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తెర కనబడితే పిన్ కూడా కనబడుతుంది.

అప్పులిచ్చే అనువర్తనాలు ఈ కోవలోవే అయినా వాటి పద్ధతి వేరు. ఐదు నిమిషాలలో రుణం అని ఆశపెట్టి, ఫోనులోని పేర్ల జాబితా, ఫోటోలు చూడటానికి అనుమతి అడుగుతాయి. వాయిదా ఆలస్యమైతే బంధువులకు, పనిచేసే చోటికి ఫోన్లు చేసి పరువు తీస్తాయి. రుణ అనువర్తనాలు వినియోగదారుని కాంటాక్టులను, ఫోటోలను తాకకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే నియమం పెట్టింది. కాబట్టి ఆ అనుమతి అడిగిన అనువర్తనం నియమాలను అతిక్రమించేదే. పేర్ల జాబితా అడిగిన చోటే వెనుదిరగడం క్షేమం.

అంగడిలో చెల్లింపు

యూపీఐ 2016లో వచ్చింది. నేడు కూరగాయల బండి దగ్గరా అదే, చద్దర్ల టోకు వ్యాపారి దగ్గరా అదే. దీనిలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. పిన్ నొక్కడమంటే డబ్బు ఇవ్వడం. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు, క్యూఆర్ గుర్తును స్కాన్ చేయనవసరమూ లేదు. పాత మంచం అమ్ముతానని ప్రకటన ఇచ్చినవారికి "అడ్వాన్సు పంపుతాను, ఈ గుర్తు స్కాన్ చేయండి" అనేవాడు తీసుకోవడానికి వచ్చినవాడే.

దుకాణదారులకు వేరొక చిక్కు ఉంది. గోడకు అంటించిన క్యూఆర్ కాగితం మీద రాత్రికి రాత్రి మరొకరి కాగితం అంటించే దొంగలున్నారు. ఉదయం దుకాణం తెరవగానే తన గుర్తును ఒకసారి స్కాన్ చేసి తన పేరే వస్తున్నదో లేదో చూసుకోవాలి. కొనేవారు సైతం పిన్ నొక్కే ముందు తెరమీద పేరు చదవాలి. ఎదుటివారు చూపే చెల్లింపు చిత్రాన్ని నమ్మి సరుకు అప్పగించకూడదు. తన ఖాతాకు సొమ్ము చేరినట్లు తన ఫోనులోనే కనబడాలి.

సంకేతపదాలు

పుట్టిన తేదీ, ఇంటిపేరు, పిల్లల పేరు, బండి నంబరు వీటితో కట్టిన పాస్‌వర్డులు బంధువులంతా ఊహించగలిగినవే. కొన్ని బ్యాంకులు ఖాతా వివరాల పీడీఎఫ్‌కు పేరులోని నాలుగక్షరాలు, పుట్టిన తేదీ కలిపి పాస్‌వర్డుగా ఇస్తూ, జనానికి ఆ చెడు అలవాటును తామే నేర్పుతున్నాయి. అక్షరం, అంకె, విచిత్రమైన గుర్తు తప్పనిసరిగా కలపాలనీ, మూడు నెలలకోసారి మార్చాలనీ చాలాకాలం చెప్పేవారు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2017లో ఆ సలహాను సవరించుకొంది. పాస్‌వర్డు పొడవుగా ఉండటమే ముఖ్యమనీ, బయటపడిందన్న ఆధారం లేనిదే మార్చమని ఒత్తిడి చేయనక్కరలేదనీ నిర్దేశించింది. మార్చమన్నకొద్దీ మనుషులు చివరి అంకెను మాత్రమే మారుస్తారన్న వాస్తవం అనుభవంలో తేలింది.

ఈ విషయంలో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాస్తే, గుర్తుంచుకోవడానికి సులభం, ఊహించడానికి కష్టం. కండె, నేరేడు, గవాక్షం, పిడుగు వంటి మాటల కూర్పు మచ్చుకొకటి. ఇక్కడ అచ్చయినది కనుక దీన్నే వాడకూడదు. సామెత, సినిమా పాట పల్లవి, దేవుని నామం పనికిరావు. అవి అందరి నోటా ఉన్నవే.

అన్నిటికన్నా గట్టి పాస్‌వర్డు ఈమెయిల్‌కు ఉండాలి. తక్కిన ఖాతాల పాస్‌వర్డులు మరచిపోతే తిరిగి తెప్పించుకొనేది దాని ద్వారానే. ఈమెయిల్‌కు, వాట్సాప్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. వాట్సాప్‌లో దీన్ని ఆరంకెల పిన్‌గా ఏర్పరచుకోవచ్చు. అలాగే లింక్ అయిన పరికరాల జాబితాను అప్పుడప్పుడు చూడాలి. తెలియని కంప్యూటరు అక్కడ కనబడితే ఎవరో ఆ ఇంటి మాటలన్నీ చదువుతున్నారు.

పెద్దలు పాస్‌వర్డులను పుస్తకంలో రాసుకోవడం తప్పని చాలామంది మందలిస్తారు. ఆ మందలింపు కొంత అనవసరం. బీరువాలో ఉన్న పుస్తకాన్ని దూరదేశపు దొంగ చూడలేడు. దానికన్నా, అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డు వాడటం ఎన్నో రెట్లు ప్రమాదం. బ్యాంకు పిన్‌ను మాత్రం ఆ పుస్తకంలో రాయకూడదు, ఏటీఎం కార్డు కవరు మీద అసలే రాయకూడదు.

వేలిముద్ర, జిరాక్సు కాగితం

ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఈ మూడింటితో చిన్న యంత్రం మీద నగదు తీసుకొనే పద్ధతి ఉంది. బ్యాంకుకు వెళ్లలేనివారికి అది మేలే చేసింది. అయితే దానికి ఓటీపీ అక్కరలేదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను తీసి, వాటి నకళ్లతో సిమ్ కార్డులను చలామణిలోకి తెచ్చిన ఉదంతం బయటపడింది. సొంత ఊళ్లో ఇంకా కొద్దిపాటి భూమి ఉన్న కుటుంబాలు ఇక్కడా ఎన్నో ఉన్నాయి. కనుక ఆ ఉదంతం వారికి దూరపు కథ కాదు.

ఇందుకు విరుగుడుగా ఆధార్ సంస్థ బయోమెట్రిక్ లాక్ అనే సౌకర్యం ఇచ్చింది. ఎమ్ఆధార్ అనువర్తనంలో గాని, సంస్థ వెబ్‌సైటులో గాని దాన్ని వేసుకోవచ్చు. వేసిన తరువాత వేలిముద్రతో ఎక్కడా ధ్రువీకరణ జరగదు. రేషన్ దుకాణంలో బొటనవేలు పెట్టేవారికి ఇది చిక్కే. సరుకులు తీసుకొనే రోజున తాత్కాలికంగా తెరుచుకొని వెళ్లాలి. ఆ సంగతి తెలియక లాక్ వేసి, దుకాణం ముందు గంటలు నిలబడటం జరుగుతుంది. కనుక ఇంట్లో ఫోను నడపగలిగినవారు ఉన్నప్పుడే ఈ పని చేయాలి. సందేహాలకు 1947 నంబరుకు ఫోను చేయవచ్చు.

జిరాక్సు దుకాణంలో ఆధార్ ప్రతి కోసం దుకాణదారుని వాట్సాప్‌కు బొమ్మ పంపడం మామూలైంది. ఆ బొమ్మ అతని ఫోనులో, కంప్యూటరులో మిగిలిపోతుంది. పని కాగానే తన ఎదుటే తొలగించమని అడగడానికి మొహమాటపడకూడదు. చాలా అవసరాలకు చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. ప్రతి మీద ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నదీ రాసి సంతకం చేయడం పాత పద్ధతే అయినా మంచి పద్ధతి.

నవీకరణలు

ఫోను అడిగే నవీకరణను రేపటికి వాయిదా వేయడం అందరూ చేసే పని. 2017 మేలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లను బంధించి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దెబ్బతిన్నాయి. అది చొరబడిన కన్నాన్ని పూడ్చే నవీకరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. రాత్రి ఫోనుకు ఛార్జింగ్ పెట్టినప్పుడు నవీకరణ జరిగేలా ఏర్పరచుకుంటే శ్రమ ఉండదు. రైల్వే స్టేషన్ వైఫై, ఛార్జింగ్ కేంద్రాల గురించి భయాలు ఎక్కువగానే ప్రచారమయ్యాయి. బ్యాంకు పనిని సొంత డేటా మీద చేసుకుంటే అక్కడికి చాలు.

ఖాతా అద్దెకిచ్చే యువకులు

పనిలేని కుర్రవాళ్ల వద్దకు ఒకడు వచ్చి "నీ ఖాతా కొన్నాళ్లు వాడుకుంటా, నెలకు ఇంత ఇస్తా" అంటాడు. పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగిస్తే చేతిలో కొన్ని వేలు పడతాయి. మోసపోయినవారి సొమ్ము ఆ ఖాతా గుండానే పారుతుంది. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వారి ఇంటికే. ఖాతా స్తంభిస్తుంది, కేసు నమోదవుతుంది, ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఆ కేసు అడ్డుపడుతుంది. తనకు తెలియదన్న మాట నిరూపించుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఇంట్లో డిగ్రీ చదువుతున్న పిల్లలకు తల్లిదండ్రులు ఈ సంగతి విడమరచి చెప్పడం అవసరం.

సొమ్ము పోయినప్పుడు

పోయిన సొమ్ము ఒక ఖాతా నుండి మరో ఖాతాకు నిమిషాలలో మారుతుంది. అందుకే మొదటి గంట విలువైనది. 1930 నంబరుకు ఫోను చేస్తే, సొమ్ము చేరిన ఖాతాలో దాన్ని నిలిపివేయడానికి బ్యాంకులకు సమాచారం వెళ్తుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్ అయిన సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. లావాదేవీ సంఖ్య, తేదీ, సమయం, సొమ్ము, అవతలి ఫోను నంబరు దగ్గర ఉంచుకోవాలి. కోపంతోనో సిగ్గుతోనో సందేశాలను చెరిపివేయకూడదు. అవే సాక్ష్యం.

దానితోపాటు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి. దీనికొక కారణం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారుని తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా మూడో చోట లోపం వల్ల సొమ్ము పోతే, సమాచారం అందిన మూడు పనిదినాలలో తెలియజేసినవారికి నష్టభారం ఉండదు. నాలుగు నుండి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే భారం ఒక పరిమితికి లోబడుతుంది. అదే సంవత్సరం డిసెంబరులో సహకార బ్యాంకులకూ ఇటువంటి ఆదేశమే వచ్చింది. నగరంలో చాలామంది పొదుపు సహకార బ్యాంకులలోనే ఉంది కాబట్టి ఈ విషయం తెలిసి ఉండటం మేలు. ఖాతాదారుడే పిన్ గాని ఓటీపీ గాని చెప్పివుంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం అతనిదే. తెలియజేసిన తరువాత జరిగిన నష్టం మాత్రం బ్యాంకుది. కనుక తప్పు తనదైనా సరే, తెలియజేయడంలో జాప్యం తగదు.

ఇంట్లో తిడతారన్న భయంతో అత్తమ్మో మామయ్యో రెండు రోజులు దాచిపెట్టడం వల్ల తిరిగి రావలసిన సొమ్ము కూడా రాకుండా పోతుంది. ఆ రెండు రోజులు దక్కాలంటే, ఫోను విషయంలో పొరపాటు జరిగితే ఇంట్లో ఎవరూ కోప్పడరన్న నమ్మకం పెద్దలకు ముందునుండే ఉండాలి. కొద్ది రోజుల తరువాత "మీ సొమ్ము రాబట్టి ఇస్తాం, ముందు రుసుము కట్టండి" అని మరొకడు ఫోను చేస్తాడు. మొదటి దొంగ దగ్గరి జాబితానే అతని చేతికీ చేరి ఉంటుంది. 1930కి గాని పోలీసు ఫిర్యాదుకు గాని ఎటువంటి రుసుమూ లేదు. బ్యాంకు 30 రోజులలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ ఫిర్యాదుకు బ్యాంకు ఇచ్చిన రసీదు సంఖ్య జతచేయాలి. వివరాలు 14448 నంబరులో దొరుకుతాయి.